చీకటిని గూర్చి ఇనుము చెప్పిన సాక్ష్యం

ఎముక విరిగిందేమోనని ఆసుపత్రిలో తీసే ఎక్స్‌రే మనందరికీ తెలిసినదే. అటువంటి కిరణాలే ఆకాశం నుండి కూడా వస్తుంటాయి. భూమి చుట్టూ ఉన్న గాలి వాటిని మధ్యలోనే ఆపివేస్తుంది. అది మన ప్రాణాలకు మేలే. కాని వాటిని పరిశీలించాలంటే గాలిని దాటి పైకి వెళ్లక తప్పదు. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుండి ఆస్ట్రోశాట్ ఎక్స్‌రే పరికరాలను మోసుకొని ఎగిరినది ఇందుకే.

కోటానుకోట్ల నక్షత్రాల గుంపును గెలాక్సీ అంటారు. కొన్ని గెలాక్సీల నడిబొడ్డు, తక్కిన నక్షత్రాలన్నిటి వెలుగుకు దీటుగా ప్రకాశిస్తుంది. అక్కడ ఉన్నది కృష్ణబిలం. దాని బరువు సూర్యుని బరువుకు లక్షల, కోట్ల రెట్లు ఉంటుంది. దాని ఆకర్షణ నుండి వెలుగు సహితం తప్పించుకోలేదు. మరి వెలుగే రాని చోటును గూర్చి మనకెలా తెలిసింది?

కృష్ణబిలంలో పడబోయే వాయువు సుడిగుండంలోని నీటివలె దాని చుట్టూ తిరుగుతూ విపరీతంగా వేడెక్కుతుంది. ఆ చెంతనే ఎక్స్ కిరణాలు పుడతాయి. అవి వాయువుపై పడినప్పుడు అందులోని ఇనుప పరమాణువులు తమదైన ఒక ఎక్స్ కిరణాన్ని తిరిగి ఇస్తాయి. దాని శక్తి ఎంతో ముందే తెలుసు. కనుక అది మారి వచ్చిందంటే దానికి కారణం ఉండాలి.

1993లో జపాను పంపిన ఆస్కా ఉపగ్రహం, మరుసటి సంవత్సరం ఎం.సి.జి.-6-30-15 అనే గెలాక్సీని నాలుగు రోజులకు పైగా చూసింది. ఇనుప కిరణం తక్కువ శక్తివైపు సాగదీసినట్టు వచ్చింది. వాయువు సెకనుకు సుమారు లక్ష కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నదని, కిరణం శక్తిని కృష్ణబిలం ఆకర్షణ తగ్గించిందని 1995లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

సాక్ష్యం దొరికింది గాని మసకగా ఉంది. దానిని వివరంగా చదవడానికి జపాను, అమెరికా శాస్త్రజ్ఞులు మరో పరికరం చేశారు. ఒక్కొక్క కిరణ కణం తగిలినప్పుడు పుట్టే అణుమాత్రపు వేడిని అది కొలుస్తుంది. అందుకు దానిని దాదాపు మైనస్ 273 డిగ్రీల చలిలో ఉంచాలి.

2000 ఫిబ్రవరిలో రాకెట్ విఫలమై ఆ ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు. 2005 జూలైలో సుజాకు చేరింది. కొద్ది వారాలకే చల్లబరిచే హీలియం హరించుకుపోయి, ఆ పరికరం ఏమీ చూడకుండానే మూగబోయింది. 2016 ఫిబ్రవరిలో హితోమి ఎగిరింది. పరికరం చక్కగా పనిచేసింది. కాని మార్చి 26న, తప్పుడు ఆదేశాల వలన ఉపగ్రహం గిరగిర తిరిగి విరిగిపోయింది. పదహారేళ్లలో మూడు నష్టాలు!

వారు మళ్లీ మొదలుపెట్టారు. 2023 సెప్టెంబరు 7న క్రిజమ్ ఎగిరింది. ఈసారి పరికరం ముందున్న తలుపు తెరుచుకోలేదు. అయినా తలుపుకున్న పలుచని బెరీలియం కిటికీ గుండా వచ్చిన కిరణాలతోనే పని సాగించారు. ఎన్.జి.సి. 4151 గెలాక్సీలోని కృష్ణబిలం సూర్యునికి సుమారు రెండు కోట్ల రెట్లు బరువు. దాని చుట్టూ ఉన్న ఇనుప కిరణాలలో ఏవి దగ్గరి వాయువువో, ఏవి దూరపు ధూళి వలయానివో 2024లో వేరుచేసి చెప్పగలిగారు.

కృష్ణబిలం కనబడదు గదా, ఉన్నదని ఎలా నమ్మాలని పిల్లలు అడిగితే, ఇంటిలోని కొడవలిని చూపించండి. అందులోని ఇనుము, మన నెత్తురులోని ఇనుము, ఆ గెలాక్సీలోని ఇనుము ఒక్కటే. ఇక్కడ దాని గుణం తెలుసు గనుకనే, అంత దూరం నుండి అది చెప్పే మాటను అర్థం చేసుకోగలుగుతున్నాము.