మన్యపు చలిలో పెరటికోళ్ళ సంరక్షణ



మార్గశిరము ప్రవేశించినది మొదలు మాఘము వచ్చువరకు పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతములలో చలి యెట్లుండునో మీకు నేను చెప్పనక్కరలేదు. లంబసింగికి కొర్రబయలు అని మరియొక పేరు కలదు. బయట నిలిచినవాడు కొర్రవలె బిగిసిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. కొన్ని సంవత్సరములలో అచ్చట ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దరిదాపులకు దిగుచుండును. ఇట్టి రాత్రులలో పెరటికోళ్ళను గూర్చి ఆందోళన కలుగుట సహజము. నాలుగు పెట్టలు, ఒక పుంజు అనగా ఇల్లాలి చేతిసొమ్ము. పిల్లవానికి జ్వరము వచ్చినను, చుట్టము వచ్చినను, పండుగ వచ్చినను ముందుగా చేయి పోవునది కోళ్ళ గూటివైపే.

కావుననే చలి ముదరగానే చాలమంది గూటికి గోనెలు కుట్టి, పైన ప్లాస్టిక్ పట్టా చుట్టి, చీమ దూరు సందైనను లేకుండ మూసివేయుదురు. ఈ పొరపాటు నేనును చేసితిని.

నేను చింతపల్లికి ఉద్యోగముపై వచ్చిన మొదటి చలికాలమున తొమ్మిది పెట్టలను పెంచుచుంటిని. పైరుల విషయము చదివినవాడనే గాని కోళ్ళ విషయమున నాకు అనుభవము తక్కువ. గూటి నాలుగు వైపులను పాలిథీన్ పట్టాతో బిగించి కట్టితిని. వారము తిరుగకముందే రెండు పెట్టలకు ముక్కు కారి, కళ్ళు వాచి, గురక పట్టినది. మరి పది దినములకు నాలుగు చనిపోయినవి. పొరుగున నుండు పెద్దమ్మ యొకతె వచ్చి, పట్టా ఎత్తి లోపల చేయి పెట్టి, "ఏటి బాబూ, ఇలాగ మూసీసినారు? లోనంతా తడే! మీరైతే ఇందులో తొంగుంటారా?" అని అడిగినది. చూడగా, కప్పు రేకు లోపలివైపు నీటిబొట్లు వ్రేలాడుచుండెను. ఘాటైన వాసనకు నా కళ్ళు మండినవి. చలికి భయపడి నేను కట్టిన పట్టాయే నా కోళ్ళకు ముప్పు తెచ్చినది.

కోడి చలిని ఎట్లు తట్టుకొనును?

కోడి శరీరపు వేడి 41 డిగ్రీల సెంటిగ్రేడుకు పైననే యుండును. ఈకల నడుమ నిలిచిన గాలి దానికి కంబళివంటిది. చలి వేసినపుడు కోడి ఈకలు ఉబ్బించి ఆ గాలిపొరను మందము చేసికొనును; కాళ్ళను పొట్ట క్రిందికి, తలను రెక్కలోనికి ముడుచుకొనును. ఒడలు పొడిగా నుండి, కడుపు నిండి యున్నచో, ఎదిగిన కోడి మన మన్యపు చలికి చెక్కుచెదరదు. నేలపై మంచు పేరుకొను అమెరికా ఈశాన్య రాష్ట్రములలో సైతము, 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలోనే, మూడు వైపుల గాలి దూరకుండ మూసి, దక్షిణపు వైపు తీగవల మాత్రము బిగించిన కోళ్ళ యిండ్లను కట్టిరి. ఆ యిండ్లలో కోళ్ళు చలికాలమంతయు గడపినవి.

అయితే ఈకలు తడిసినచో ఆ కంబళి పనికిరాదు. తడి ఎక్కడినుండి వచ్చును? కోడి నుండియే వచ్చును. ఒక పెట్ట రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు త్రాగును. పది పెట్టలకు అది రెండు లీటర్లు. అందు పెద్దభాగము ఊపిరిగాను, రెట్టగాను బయటకు వచ్చును. గూడు మూసినచో ఆ ఆవిరి పోవుటకు దారి లేక, చల్లని కప్పునకు తగిలి నీరై మరల కోళ్ళమీదనే పడును. తడిసిన రెట్ట నుండి అమ్మోనియా వాయువు లేచి కండ్లను, ఊపిరిగొట్టమును పాడుచేయును. అంతట రోగక్రిములకు త్రోవ యేర్పడును.

గూడు ఎట్లుండవలెను?

చలికాలమున మన ప్రాంతమునకు గాలి ఈశాన్యము నుండి వీచును. కావున ఉత్తరము, తూర్పు గోడలను కోడి కూర్చున్న ఎత్తువరకు తడకతోనో మట్టితోనో గట్టిగా మూయవలెను. తలుపు ఆగ్నేయమునకో దక్షిణమునకో ఉన్నచో ఉదయపుటెండ లోనికి వచ్చును. కప్పునకు దిగువగా, కోళ్ళ తలలకు పైగా, రెండు ప్రక్కల జానెడు వెడల్పు సందు రాత్రింబవళ్ళు తెరచి యుండవలెను. ముంగిస, అడవిపిల్లి దూరకుండ ఆ సందుకు సన్నని తీగవల బిగింపుడు. ఆవిరి పైకి పోవును, చల్లగాలి కోడి ఒంటికి తగులదు.

కోడి ఒక్కింటికి రెండు చదరపు అడుగుల చోటుండవలెను. కూర్చుండు కర్ర రెండంగుళముల వెడల్పున బల్లపరుపుగా నున్నచో కోడి తన వ్రేళ్ళను రొమ్ము ఈకలతో కప్పుకొనగలదు. సన్నని వెదురుపై ఇది సాధ్యపడదు.

నేలపై వరిఊకను గాని, ఎండిన ఆకును గాని ఆరంగుళముల మందమున పరచి, రెండు మూడు దినముల కొకసారి తిరుగవేయుడు. పిడికెడు తీసి పిసికి చూడుడు. విడిపోయినచో మంచిది; ఉండకట్టినచో తడి ఎక్కువైనదని గ్రహించి, ఆ భాగము తీసివేసి పొడి ఊక వేయుడు. తడి పరుపుపై సున్నము చల్లు అలవాటు కొందరికి కలదు. అట్లు చేసినచో అందలి నత్రజని అమ్మోనియాగా మారి లేచిపోవును. కోళ్ళకు బాధ, మీ పొలమునకు నష్టము. వేసవి రాకముందు ఈ పరుపును తీసి, కుప్పగా మాగవేసినచో, పశువుల పేడ యెరువుకంటె నత్రజని హెచ్చుగా గల యెరువు దొరకును. పసుపు మళ్ళకు, కూరగాయ మళ్ళకు వాడుకొనవచ్చును.

మేత, నీరు, గ్రుడ్లు

చలి రాత్రి ఒంటి వేడిని నిలుపుకొనుటకు కోడికి మేత ఎక్కువ కావలెను. పగలు తిరిగి ఏరుకొనినది చాలదు. ప్రొద్దు క్రుంకుటకు గంట ముందు, ఒక్కొక్క కోడికి 30 నుండి 40 గ్రాముల మొక్కజొన్న నూకయో, చోళ్ళో, సామలో వేయుడు. సంచి నిండిన కోడి రాత్రియంతయు అరిగించుకొనుచు వెచ్చగా నుండును. తెల్లవారగానే గోరువెచ్చని నీరు పెట్టుడు. నీటిపాత్రను రాత్రి గూటిలో ఉంచరాదు. ఒలికినచో పరుపు తడియును.

ఈ నెలలలో గ్రుడ్లు తగ్గినవని దిగులుపడకుడు. డిసెంబరులో మనకు పగలు సుమారు 11 గంటలు మాత్రమే. నిండుగా గ్రుడ్లు పెట్టుటకు పెట్టకు 14 గంటలకు తక్కువ కాని వెలుగు కావలెను. ప్రొద్దు పెరిగినపుడు గ్రుడ్లును పెరుగును.

కోడిపిల్లల సంగతి వేరు

పైన చెప్పినదంతయు ఈకలు నిండిన కోళ్ళకే. నూగు మాత్రమే యున్న పిల్లలు చలికి తాళలేవు. వనరాజా, గ్రామప్రియ వంటి పిల్లలను తల్లి లేకుండ తెచ్చుకొనువారు తొలివారము పిల్లల యెత్తున 35 డిగ్రీల వేడి నిలుపవలెను. తరువాత వారమునకు 3 డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును. పిల్లకు 2 వాట్ల లెక్కన పాతరకపు తీగ బల్బు పెట్టవలెను; ఎల్‌.ఇ.డి. బల్బు వెలుగే గాని తగిన వేడి నీయదు. పిల్లలు ఒకదానిపై నొకటి గుమిగూడినచో చలి. నోరు తెరచి దూరముగా పోయినచో వేడి ఎక్కువ. అంతటను పరచుకొని తిరుగుచున్నచో సరిపోయినది.

కరెంటు లేనిచోట వేడినీటి కుండకు గోనె చుట్టి పిల్లల నడుమ ఉంచి, చల్లారినపుడు మార్చుచుండుడు. మూసిన గదిలో బొగ్గుల కుంపటిని ఎన్నడును పెట్టకుడు. దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది పిల్లలనే గాక, అదే గదిలో నిద్రించు మనుష్యులను కూడ చంపగలదు.

ప్రతి చావును చలిపై నెట్టకుడు

చలిరోజులలో కోడి చచ్చినచో "చలికి పోయినది" అని ఊరుకొనుట ప్రమాదము. కొక్కెర తెగులునకు టీకా 7వ రోజున కంటిలోనో ముక్కులోనో చుక్కగా, 28వ రోజున మరల, 8వ వారమున సూదిమందుగా వేయింపవలెను. ఒక్కమారుగా పెక్కు కోళ్ళు చచ్చినచో వాటిని కోయవద్దు, అమ్మవద్దు, వాగులో వేయవద్దు; వెంటనే పశువైద్యునకు తెలుపుడు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి మరువరాదు.

రేపు తెల్లవారకముందు మీ గూటికడకు పోయి మూడు పరీక్షలు చేయుడు. కప్పు లోపలివైపు అరచేయి పెట్టుడు. తడి తగిలినచో పై సందును పెంచుడు. ముఖము లోనికి పెట్టి ఊపిరి పీల్చుడు. కళ్ళు మండినచో పరుపు మార్చుడు. కోడి కూర్చున్న యెత్తున ఒక నూలుపోగు పట్టుడు. అది ఊగినచో ఆ ప్రక్క తడక కట్టుడు. ఈ పరీక్షలకు కానీ ఖర్చు లేదు. నాకు ఆ పెద్దమ్మ ముందే చెప్పియున్నచో నా నాలుగు పెట్టలు బ్రతికెడివి. మీ పెట్టలను మీరు కాపాడుకొనుడు.