పడనిది మందా, మాత్రా?

"ఈ థైరాయిడ్ మాత్ర నాకు పడటం లేదండీ" అని డాక్టరు దగ్గర మొరపెట్టుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వేసుకున్న గంటకే కడుపు ఉబ్బరమని ఒకరు, గుండె దడ అని ఒకరు, ఒళ్లంతా దురద అని మరొకరు అంటారు. నీరసం తగ్గుతుందని వేసుకుంటే ఇంకా పెరిగిందని వాపోయేవాళ్లూ ఉంటారు. వాళ్లకు తరచూ ఒకే జవాబు వస్తుంది: "దీనికి సైడ్ ఎఫెక్టులు ఉండవమ్మా, ఒంట్లో తయారు కావలసిన హార్మోనునే బయటి నుంచి ఇస్తున్నాం."

ఈ జవాబు సగం నిజం. మాత్రలో ఉండే లెవోథైరాక్సిన్‌కూ, మన మెడ దగ్గరి థైరాయిడ్ గ్రంథి తయారుచేసే థైరాక్సిన్‌కూ అణువులో తేడా లేదు. అయితే ఆ అణువు రక్తంలోకి చేరేలోపు మాత్రగా మారాలి, కడుపులో కరగాలి, పేగుల్లోంచి లోపలికి ఇంకాలి. ఇబ్బంది ఈ దారిలో ఎక్కడైనా రావచ్చు. కొన్ని దేశాల్లో కొంతమంది రోగులను మాత్ర నుంచి ద్రవరూపంలోని మందుకు మారుస్తున్నది అందుకే. ఎవరికి ఆ మార్పు మేలు చేస్తుంది, ఎవరికి చెయ్యదు అన్నది తెలియాలంటే ముందు మాత్ర సంగతి తెలియాలి.

వెయ్యిలో ఒక వంతు

100 మైక్రోగ్రాముల మాత్ర ఒకటి తీసుకుందాం. దాని బరువు 100 మిల్లీగ్రాములు అనుకుంటే, అందులో అసలు మందు వెయ్యో వంతు మాత్రమే. అంత కొద్ది మందును విడిగా తూచి చేతికివ్వడం కుదరదు కాబట్టి, మిగతా 999 వంతులూ దాన్ని మోసే పదార్థాలే ఉంటాయి. లాక్టోజ్ లేదా మ్యానిటాల్, మొక్కజొన్న పిండి, మాత్ర విరిగిపోకుండా పట్టి ఉంచే తుమ్మ బంక లేదా పోవిడోన్, యంత్రానికి అంటుకోకుండా మెగ్నీషియం స్టియరేట్, ఒక డోసును మరో డోసుతో పొరబడకుండా రంగులు. ఏ కంపెనీ ఏది వాడుతుందన్నది మారుతుంటుంది. ఇది కల్తీ కాదు. ఇవి లేకుండా మాత్ర తయారు కాదు.

చాలామందికి వీటివల్ల ఏ బాధా ఉండదు. గ్లాసు పాలలో సుమారు 10 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. మాత్రలో ఉండేది అందులో నూరో వంతుకు మించదు. పాలు తాగితే కాస్త ఉబ్బరం వచ్చేవారిలో కూడా ఎక్కువమంది ఈ పాటి లాక్టోజ్‌ను తట్టుకుంటారు. కానీ అందరూ కాదు. లాక్టోజ్ అరగని కొందరికి థైరాక్సిన్ డోసు మామూలుకన్నా ఎక్కువ అవసరమవుతోందని ఇటలీ వైద్యులు గమనించారు. కొన్ని రంగులు, బంకలు పడక దద్దుర్లు, దురద వచ్చే వాళ్లూ అరుదుగా ఉన్నారు. థైరాక్సిన్ అణువే పడకపోవడం మాత్రం అత్యంత అరుదు. అది లేకుండా ఎవరి శరీరమూ నడవదు కదా.

ఫ్రాన్స్ నేర్పిన పాఠం

మాత్రలో మందు మారకుండా దాన్ని మోసే పదార్థం ఒక్కటి మారితే ఏమవుతుందో 2017లో ఫ్రాన్స్ దేశమంతా చూసింది. అక్కడ సుమారు 30 లక్షల మంది వాడే థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్స్. మాత్రలో మందు పరిమాణం కాలం గడిచేకొద్దీ తగ్గకుండా స్థిరంగా ఉండాలని ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ 2012లో కోరింది. తయారీ సంస్థ మెర్క్ లాక్టోజ్‌ను తీసేసి మ్యానిటాల్, సిట్రిక్ యాసిడ్ చేర్చింది. 2017 మార్చిలో కొత్త మాత్రలు షాపుల్లోకి వచ్చాయి. ఉద్దేశం మంచిదే. లాక్టోజ్ పడనివారికి అది మేలు కూడా.

కొద్ది నెలల్లోనే ఫిర్యాదులు వెల్లువెత్తాయి. విపరీతమైన అలసట, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, తల తిరగడం, కండరాల నొప్పులు, జుట్టు రాలడం. వేల మంది తమ బాధను అధికారికంగా నమోదు చేయించారు. మాత్ర మారిందన్న సంగతే చాలామందికి ముందు తెలియదు. నటి ఆనీ డ్యుపెరే ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ రాశారు. చివరకు ప్రభుత్వం అదే ఏడాది అక్టోబరులో పాత ఫార్ములాను తాత్కాలికంగా మళ్లీ తెప్పించింది, మరికొన్ని బ్రాండ్లనూ అనుమతించింది.

అప్పటికే ఫ్రాన్స్‌లో థైరాక్సిన్ చుక్కల మందు ఉంది. ఒక్క చుక్కలో 5 మైక్రోగ్రాములు. ఫ్రిజ్‌లో పెట్టాలి. మాత్ర పడని పెద్దలు ఎందరో దానివైపు పరుగెత్తారు. అడిగినవారందరికీ సరిపడేంత సరుకు లేకపోవడంతో, దాన్ని చిన్నపిల్లలకూ మింగలేనివారికీ ప్రత్యేకించి ఉంచాలని అధికారులు చెప్పవలసి వచ్చింది.

ఆ బాధలు నిజమా, భయమా? ఇరవై లక్షలకు పైగా రోగుల ఆరోగ్య వివరాలను పరిశీలించిన అధ్యయనంలో కొత్త మాత్రవల్ల తీవ్రమైన జబ్బులు పెరిగిన దాఖలా కనబడలేదు. డాక్టర్ల దగ్గరకు వెళ్లినవారి సంఖ్య మాత్రం పెరిగింది. మరోవైపు, రెండు మాత్రలూ సమానమని తేల్చిన అసలు పరీక్ష లెక్కలను కొందరు శాస్త్రవేత్తలు 2019లో మళ్లీ విశ్లేషించారు. ఆ పరీక్షలో పాల్గొన్న 204 మంది సగటు చూస్తే రెండూ సమానమే. కానీ ఒక్కొక్క మనిషినీ విడిగా చూస్తే, సగానికి పైగా వ్యక్తుల్లో పాత, కొత్త మాత్రల మధ్య తేడా అనుమతించిన హద్దులు దాటింది. సగటు మనిషికి సరిపోయింది ఎదుట కూర్చున్న మనిషికి సరిపోకపోవచ్చు. రోగులకు మార్పు గురించి సరిగా తెలియజేయనందుకు మెర్క్ నష్టపరిహారం చెల్లించాలని లియోన్ అప్పీలు కోర్టు 2020లో తీర్పు ఇచ్చింది. ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం 2022లో దాన్ని సమర్థించింది.

కడుపు చెప్పే మాట

మాత్ర మోసుకొచ్చే పదార్థాలు ఒక కారణమైతే, అంతకన్నా ఎక్కువగా కనబడే కారణం కడుపులో ఉంది. మాత్ర కరిగి అందులోని థైరాక్సిన్ విడివడాలంటే జీర్ణాశయంలో ఆమ్లం కావాలి. ఆ తర్వాత చిన్నపేగులు దాన్ని పీల్చుకుంటాయి. పరగడుపున, అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు కూడా మింగిన మందులో సుమారు 60 నుంచి 80 శాతమే రక్తంలోకి వెళుతుంది.

మన ఇళ్లలో గ్యాస్ మాత్రలు ఎంత విరివిగా వాడతామో తెలిసిందే. పాంటొప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి నెలల తరబడి వేసుకుంటే ఆమ్లం తగ్గుతుంది, దానితోపాటు థైరాయిడ్ మాత్ర కరగడమూ తగ్గుతుంది. హెలికోబ్యాక్టర్ పైలొరీ అనే సూక్ష్మక్రిమి సోకినవారికి, జీర్ణాశయపు పొర పలచబడినవారికి ఎక్కువ డోసు కావలసి వస్తోందని 2006లో ఇటలీ పరిశోధకులు నిరూపించారు. మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగినా, దగ్గరదగ్గరగా ఐరన్ లేదా కాల్షియం మాత్రలు మింగినా మందు లోపలికి పోవడం తగ్గుతుంది.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. గ్యాస్ మాత్ర వాడుతున్నప్పుడు, థైరాక్సిన్ తక్కువైందని రక్తపరీక్షలో చెప్పే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, డాక్టరు డోసు పెంచుతారు. కొన్నాళ్లకు రోగి గ్యాస్ మాత్ర మానేస్తాడు. ఇప్పుడు మందు మళ్లీ మామూలుగా లోపలికి పోతుంది, పెంచిన డోసు ఎక్కువవుతుంది. గుండె దడ, చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి. "ఈ మాత్ర నాకు పడదు" అని రోగి అనుకుంటాడు. నిజానికి మాత్ర ఒంట్లోకి ఒక్కో నెల ఒక్కో తీరుగా చేరుతోంది.

మొదటి మందు ద్రవమే

ద్రవరూపంలోని థైరాక్సిన్‌తో వచ్చే లాభం ఈ కథ తెలిస్తే తేలికగా అర్థమవుతుంది. అందులో మందు ముందే కరిగి ఉంటుంది. కరగడానికి ఆమ్లం కోసం ఎదురుచూడనక్కరలేదు. గ్యాస్ మాత్రలు మానలేనివారిలో, కాఫీ అలవాటున్నవారిలో మాత్రకన్నా ద్రవం స్థిరంగా పనిచేసిందని అధ్యయనాలు చూపాయి. పైగా మాత్రలో ఉండే లాక్టోజ్, పిండి, బంక, రంగుల బెడద దీనిలో సాధారణంగా ఉండదు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌కు చెందిన జార్జ్ ముర్రే అనే యువ వైద్యుడు 1891లో థైరాయిడ్ లోపానికి మొట్టమొదటిసారి చికిత్స చేసింది ద్రవంతోనే. గొర్రె థైరాయిడ్ గ్రంథిని గ్లిసరిన్‌లో నానబెట్టి తీసిన సారాన్ని 46 ఏళ్ల మహిళకు సూదిమందుగా ఇచ్చాడు, తర్వాత నోటి ద్వారా ఇచ్చాడు. ఆమె మరో 28 ఏళ్లు బతికింది. అన్నేళ్లలో ఆమె వాడిన మందు కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు కావలసి వచ్చాయి. 1914లో ఎడ్వర్డ్ కెండల్ థైరాక్సిన్‌ను విడదీశాడు. 1927 నాటికి దాన్ని ప్రయోగశాలలో తయారుచేయడం సాధ్యమైంది. ఆ తర్వాత కాలంలో చవకగా, తేలికగా నిల్వ ఉండే మాత్ర రాజ్యమేలింది.

మాత్ర సరిపడనివారి కోసం దారులు మళ్లీ తెరుచుకున్నాయి. మెత్తటి జెల్ క్యాప్సూల్‌కు అమెరికా 2006లో అనుమతి ఇచ్చింది. థైరాక్సిన్, గ్లిసరిన్, నీరు తప్ప మరేమీ లేని ద్రావణానికి 2016లో అనుమతి వచ్చింది. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2021లో వైద్యులకు స్పష్టమైన సూచన చేసింది: బ్రాండు మారినప్పుడల్లా రోగికి బాధలు వస్తుంటే, సరిపడిన బ్రాండునే విడవకుండా రాయండి. అయినా తగ్గకపోతే ద్రావణం ఇవ్వడం గురించి ఆలోచించండి. రోగి మాటను నమ్మి, వరుసగా మెట్లు ఎలా ఎక్కాలో చెప్పిన ఈ సూచన నాకు ఎంతో నచ్చింది.

ద్రవంలోనూ జాగ్రత్తలు

చుక్కల మందు అనగానే అది తేలికపాటిదనో, సహజమైనదనో అనుకోకూడదు. మందు అదే, బలమూ అదే. కొన్నిసార్లు ప్రభావం ఎక్కువే. మాత్ర సగమే ఇంకుతున్న మనిషికి అదే డోసు ద్రవంగా ఇస్తే రక్తంలోకి ఎక్కువ చేరి, డోసు మితిమీరవచ్చు. ముఖ్యంగా వయసు మళ్లినవారిలో అది గుండె లయ తప్పడానికి, ముట్లు ఆగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారడానికి దారితీస్తుంది. అందుకే మారిన 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ తప్పకుండా చూడాలి. రక్తంలోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది కనుక, అంతకన్నా ముందే చేసిన పరీక్ష అసలు సంగతి చెప్పదు.

కొలత మరో సమస్య. బ్రిటన్‌లో 5 మిల్లీలీటర్లకు 25, 50, 100 మైక్రోగ్రాముల ద్రావణాలు మూడూ దొరుకుతాయి. సీసా మారి కొలత మారకపోతే డోసులో నాలుగింతల దాకా తేడా వస్తుంది. వంటింటి చెంచాతో కాక, మందుతో వచ్చే సిరంజితోనే కొలవాలి. ద్రవాల్లోనూ కొన్నిటిలో నిల్వ కోసం కలిపే పారాబెన్‌లు, మరికొన్నిటిలో ఆల్కహాలు ఉంటాయి. అవి పడనివారూ ఉంటారు. ధర కూడా మాత్రకన్నా చాలా ఎక్కువ. ఇక ఇంట్లో మాత్ర నూరి నీళ్లలో కలిపి సీసాలో దాచుకోవడం అసలు చేయకూడని పని. ఆ మిశ్రమం నిలకడగా ఉండదు. పసిపిల్లలకైతే డాక్టరు చెప్పినట్టు అప్పటికప్పుడు నూరి, కొద్దిగా పాలలోనో నీళ్లలోనో కలిపి వెంటనే పట్టాలి.

మారే ముందు

హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం కనబడింది. మన మందుల షాపుల్లో సాధారణంగా దొరికేది మాత్రే. కాబట్టి మనకు ముందుగా పనికొచ్చేవి ఖర్చులేని మెట్లు.

ఏ బాధ ఎప్పుడు మొదలైందో రాసుకోండి. మాత్ర వేసుకున్న గంటా రెండు గంటల్లో ఉబ్బరమో దురదో వస్తుంటే అనుమానం మాత్రలోని పదార్థాల మీదికి పోతుంది. వారాల మీద నెమ్మదిగా పెరిగిన దడ, నీరసం అయితే డోసు చూడాలి. ఇవి ఆనవాళ్లే తప్ప రుజువులు కావు. పాత స్ట్రిప్పులు పారేయకుండా బ్రాండు మారిందేమో పోల్చి చూడండి. షాపులో "అదే మందు, వేరే కంపెనీ" అని ఇస్తే డాక్టరుకు చెప్పండి. రంగు మీద అనుమానం ఉంటే అమెరికా డాక్టర్లు ఒక చిన్న ఉపాయం చేస్తారు: అక్కడ 50 మైక్రోగ్రాముల మాత్రకు సాధారణంగా రంగు ఉండదు కాబట్టి 100కు బదులు రెండు 50లు రాస్తారు. మన దగ్గర ఏ బ్రాండులో ఏ రంగు ఉందో లేబుల్ మీద చూసుకోవచ్చు.

గ్యాస్ మాత్ర, ఐరన్, కాల్షియం వాడుతుంటే ఆ సంగతి దాచొద్దు. ఐరన్‌కూ కాల్షియంకూ థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. జుట్టు కోసం బయోటిన్ వేసుకునేవారు రక్తపరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. అది కొన్ని పరీక్షల్లో ఫలితాన్ని తారుమారు చేసి, హార్మోను ఎక్కువ లేకున్నా ఉన్నట్టు చూపిస్తుంది. రక్తహీనత, బి12 లోపం కూడా అచ్చం థైరాయిడ్ లోపంలాగే నీరసం తెస్తాయి. వాటినీ చూపించుకోవాలి. ఇవన్నీ చూశాక కూడా బాధ పోకపోతే అప్పుడు మందు రూపం మార్చడం గురించి ఎండోక్రైనాలజిస్టును అడగడం న్యాయం.

అడిగే హక్కు రోగిది, వినే బాధ్యత వైద్యుడిది. "ఈ మందుకు సైడ్ ఎఫెక్టులు ఉండవు" అన్న మాటతో సంభాషణ ముగిస్తే, చాలామంది రోగులు ఇంటికెళ్లి మాత్ర మానేస్తారు. చాలామందికి ఇది జీవితాంతం కావలసిన మందు. మానేసిన వారాలు, నెలలు గుండెనూ కొలెస్ట్రాల్‌నూ దెబ్బతీస్తాయి. గర్భిణి మానేస్తే పుట్టబోయే బిడ్డ మెదడు ఎదుగుదలే ప్రమాదంలో పడుతుంది. పడనిది మందా, మాత్రా అని ఓపికగా వెతికే డాక్టరూ, దొరికేదాకా మందు మానకుండా సహకరించే రోగీ కలిస్తే, ఎక్కువమందికి జవాబు ఖరీదైన సీసాదాకా వెళ్లకుండానే దొరుకుతుంది. ఆ సీసా నిజంగా అవసరమైన కొద్దిమందికి అది మన ఊళ్లలోనూ అందుబాటులో ఉండాలి.