సిమెంట్ బట్టీ దుమ్ము ఎక్కడికి పోతుంది? తడిస్తే ఏమవుతుంది?

వేములపల్లి మీదుగా పోయే అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీద సిమెంట్ లారీలు రాత్రీపగలూ తిరుగుతుంటాయి. దామరచర్ల మండలం వాడపల్లి వైపు, సూర్యాపేట జిల్లాలో మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి ఉండబట్టే ఇన్ని ఫ్యాక్టరీలు వచ్చాయి. లారీ వెనక లేచే దుమ్ము అందరికీ కనిపించేదే. ఫ్యాక్టరీ లోపల పట్టుకున్న దుమ్ము సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ‘ఇంటి స్థలానికి మెరక పోసుకోండి, బూడిద ఊరికే వస్తుంది’ అని ఎవరైనా ట్రాక్టర్ పంపుతానంటే, ముందు ఆ సంగతి తెలుసుకోవడం మంచిది.

సున్నపురాయి, మట్టి కలిపి మెత్తగా నూరి, తిరిగే పొడవాటి బట్టీలో సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాలిస్తే క్లింకర్ తయారవుతుంది. ఆ వేడిగాలితో పాటు సన్నటి పొడి కూడా కొట్టుకుపోతుంది. చిమ్నీకి చేరకముందే గుడ్డ సంచులున్న బ్యాగ్ ఫిల్టర్లు, కరెంటుతో దుమ్మును లాగే ఈఎస్పీలు దాన్ని పట్టేస్తాయి. పట్టిన పొడిలో ఎక్కువ భాగం మళ్లీ బట్టీలోకే పోతుంది. కంపెనీకి ఇందులో దయేమీ లేదు, లెక్కే ఉంది. తవ్వి, నూరి, బొగ్గు కాల్చి వేడిచేసిన సరుకును పారేస్తే నష్టం ఎవరికి?

అయితే అంతా తిరిగి వేయడం కుదరదు. పొటాషియం, సోడియం, క్లోరైడ్ లోపలే తిరుగుతూ పేరుకుంటే బట్టీ దారులు పూడుకుపోతాయి. ప్లాస్టిక్ లాంటి చెత్తను బొగ్గుకు బదులు కాల్చే చోట క్లోరైడ్ ఇంకా పెరుగుతుంది. అందుకే కొన్ని ప్లాంట్లలో కొంత గాలిని పక్కదారిలో బయటికి తీస్తారు. దాంతో వచ్చే దుమ్మును బైపాస్ దుమ్ము అంటారు. దీన్ని సిమెంట్‌లో ఇష్టమొచ్చినంత కలపలేరు, క్లోరైడ్ ఎక్కువైతే స్లాబ్‌లోని ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. చిక్కంతా ఈ మిగిలిన దుమ్ముతోనే.

రంజాన్ ముందు ఇంటికి సున్నం వేయడానికి పిడుగురాళ్ల సున్నం గడ్డలు నానబెట్టిన పెద్దవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. నీళ్లు తగలగానే కుతకుత ఉడికి, చెయ్యి పెడితే కాలేది. బట్టీ దుమ్ములో కూడా అలాంటి కాలిన సున్నం ఉంటుంది. వాన పడితే వేడెక్కుతుంది, దాని నీళ్లు ఘాటైన క్షారంగా మారి లవణాలతో కలిసి కిందికి దిగుతాయి. సాగర్ ఎడమ కాలువ, బోర్లు, వరి మడులు ఉన్న ఈ ప్రాంతంలో ఆ దుమ్మును బయట కుప్ప పోయడం మామూలు విషయం కాదు.

అందుకని దాన్ని మూత ఉన్న సైలోల్లో పొడిగా ఉంచాలి, మూసిన ట్యాంకర్లలోనే తరలించాలి. పూడ్చక తప్పకపోతే ఎగరకుండా కొలతగా తడిపి, అడుగున నీళ్లు ఇంకని పొర వేసిన గుంతలో వేసి, ఊట నీటిని విడిగా పట్టుకోవాలి. టార్పాలిన్ కప్పేసి వదిలేస్తే సరిపోదు.

ఇంకో సంగతి. యాదాద్రి పవర్ ప్లాంట్ లాంటి చోట వచ్చే ఫ్లై యాష్, ఈ దుమ్ము ఒకటి కావు. ఫ్లై యాష్ బొగ్గు బూడిద, పీపీసీ సిమెంట్‌లో 15 నుంచి 35 శాతం వరకు కలుపుతారు, ఇటుకలూ చేస్తారు. రెండూ బూడిద రంగులో ఉంటాయి కాబట్టి చూసి పోల్చలేం. ట్రాక్టర్ వాడిని సరుకు ఎక్కడిదో, కాగితం ఏదో అడగాల్సిందే. చూపించకపోతే దింపనివ్వొద్దు.

లోడింగ్ పనికి, మేస్త్రీ పనికి వెళ్లే మన పిల్లలు ఇంటికి రాగానే బట్టలు మార్చుకుని, వాటిని విడిగా ఉతకాలి. ఒంటి మీద పడిన పొడిని ముందు దులిపేసి, తర్వాత నీళ్లు ధారగా పోసి కడగాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు మంచి నీళ్లతో కడిగి, వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. నలపొద్దు.

ఎక్కడైనా బహిరంగంగా పోస్తున్నట్టు కనిపిస్తే తేదీ, ఫొటో, బండి నంబరుతో కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో కూడా అర్జీ పెట్టి, రసీదు తీసుకోవచ్చు.