ఆర్థికవేత్త, మంత్రి, నా రెండు లెక్కల పుస్తకాలు

2024 డిసెంబర్ 26న మన్మోహన్ సింగ్ చనిపోయారు. మర్నాడు ఫిల్మ్ నగర్‌లో నేను రోజూ కూర్చునే టీ కొట్టు దగ్గర ఒక కుర్ర సహాయ దర్శకుడు అడిగాడు: "ఆయన దేశాన్ని బాగుచేశాడా, అమ్మేశాడా? ఒక్క మాటలో చెప్పండి సార్." ఒక్క మాటలో చెప్పగలిగితే ఈ వ్యాసంతో పనే లేదు. మన మిత్రులు కూడా ఆ రెండు మాటల్లో ఏదో ఒకటి పట్టుకుని ముప్పయ్యేళ్లుగా వాదించుకుంటున్నారు.

ముందు మనిషి నడిచిన దారి చూద్దాం. 1932లో, ఇప్పటి పాకిస్తాన్‌లోని గాహ్ అనే పల్లెలో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో భారతదేశ ఎగుమతుల మీద పరిశోధన చేశారు. 1964లో అచ్చయిన ఆ పుస్తకం సారమల్లా, ఎగుమతుల విషయంలో మనం అంత నిరాశ పడనక్కర్లేదని. ఆ తర్వాత 1972లో ప్రభుత్వ ప్రధాన ఆర్థిక సలహాదారు, 1982లో రిజర్వు బ్యాంకు గవర్నరు, 1985లో ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు. అంటే తాను కూలదోశాడని చెప్పుకునే లైసెన్సుల వ్యవస్థలోనే ఆయన దాదాపు ఇరవై ఏళ్లు కొలువు చేశాడన్న మాట. 1987 నుంచి 1990 దాకా జెనీవాలో సౌత్ కమిషన్ ప్రధాన కార్యదర్శి. అప్పులిచ్చే సంస్థలు పేద దేశాలకు పెట్టే షరతులను ఆ కమిషన్ నివేదిక విమర్శించింది. ఏడాది తిరక్కుండా ఢిల్లీలో అలాంటి షరతులనే ఆయన అమలు జరిపారు.

"మాట మార్చాడు" అంటారు కొందరు. నాకది మరీ తేలికైన వివరణగా తోస్తుంది. సలహాదారు తాను నమ్మింది రాస్తాడు. మంత్రి, ఖజానా పరిస్థితీ పాలకవర్గాల అవసరమూ కలిసి తెచ్చిపెట్టిన కాగితం మీద సంతకం చేస్తాడు. 1991 నాటికి మన చేతిలో ఉన్న విదేశీ మారకద్రవ్యం రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోయేది. లైసెన్సుల నీడన పెరిగిన పెద్ద పెట్టుబడికి ఆ నీడే ఇరుకైంది. (బయటికొచ్చాక ఎండ తగిలి, 1993లో వాళ్లలో కొందరే "బాంబే క్లబ్"గా చేరి రక్షణ కోరారు!) మన తెలుగు ప్రధాని పి.వి. నరసింహారావు మొదట ఐ.జి. పటేల్‌ను అడిగారు. ఆయన కాదన్నాకనే మన్మోహన్‌కు కబురు వెళ్లింది. ఇద్దరూ ఆర్థికవేత్తలే, ఇద్దరూ రిజర్వు బ్యాంకు గవర్నర్లుగా చేసినవాళ్లే. కుర్చీ ముందే సిద్ధమైంది, మనిషి తర్వాత దొరికాడు.

జూన్ 21న పదవి. జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గింపు. అదే నెలలో 47 టన్నుల బంగారం విదేశీ బ్యాంకుల్లో తాకట్టు. జూలై 24న బడ్జెట్. ఎరువుల ధర 40 శాతం పెంచబోయి, పార్లమెంటులో గోల లేచాక 30 శాతానికి దిగారు, చిన్న రైతులను మినహాయించారు. కనుక ప్రతిఘటన ఉన్నచోట ఆ అర్థశాస్త్రం కూడా వంగిందని గమనించాలి.

ఆ రోజుల్లో నేను జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా కంపెనీ ఆఫీసులో లెక్కలు రాసేవాణ్ణి. రంగుల నెగటివ్ విదేశాల నుంచి రావలసిందే. రూపాయి విలువ పడితే దాని ధర పెరుగుతుందని తెలియడానికి కేంబ్రిడ్జి అక్కర్లేదు. "కష్టకాలం" అని యజమాని లైట్‌బాయ్‌ల బేటాలో కోత పెట్టాడు. హీరో పారితోషికం మాత్రం పెరిగింది. అందులో సగం నా రెండో పుస్తకంలోకే ఎక్కేది.

అదే బడ్జెట్‌లో మరో పథకం వచ్చింది. లెక్కకు రాని డబ్బును జాతీయ గృహనిర్మాణ బ్యాంకులో వేస్తే ఎక్కడిదని అడగరు. 40 శాతం పట్టుకుని మురికివాడల్లో, పేదల ఇళ్లకు వాడతారు. మిగతాది తెల్లదై తిరిగి వస్తుంది. బంగళాల కింద రాతిగుట్టల వారన గుడిసెలున్న ఈ ప్రాంతంలో ఆ మాట విని నాక్కూడా ఆశ పుట్టింది. మేస్త్రీ ఒకాయన "మనకి ఇళ్లొస్తాయా అన్నా?" అని అడిగితే రావచ్చనే అన్నాను.

యజమాని నన్ను పిలిచి పథకం వివరాలు చదివించుకున్నాడు. నలభై అనగానే నవ్వాడు. "ఆ నలభైతో పక్క ప్లాటు కొంటే రెండేళ్లలో ఎనభై అవుతుందయ్యా" అన్నాడు.

1992 ఏప్రిల్‌లో ఆఫీసుకు కొత్త లెక్కల పుస్తకాలు తెప్పించాం. రెండూ.