ఎరువు సింగారానికి ఎన్ని షరతులో!

‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్నది పెద్దల మాట. పెళ్లికి వెళ్లేందుకు పొరుగింటి నగ అడిగి తెచ్చుకున్న ఇల్లాలికి అది క్షేమంగా తిరిగి చేరేదాకా కునుకు పట్టేది కాదు. ఆ ఎరువు వ్యవహారమే ఇప్పుడు సెల్‌ఫోను తెరకెక్కింది. పేరుమోసిన డిజైనర్లు రూపొందించిన లెహంగాలను, షేర్వానీలను కొద్ది రోజులకు అద్దెకిచ్చే యాప్‌లు దేశంలో దాదాపు దశాబ్ద కాలంగా నడుస్తున్నాయి. పొరుగింటి మొహమాటం తప్పింది గాని, పాత బెంగ మాత్రం పూర్తిగా తీరలేదు.

అద్దె దుస్తులు మనకు కొత్త కావు. పౌరాణిక నాటకాలకు కిరీటాలు, పట్టు వస్త్రాలు అద్దెకిచ్చే దుకాణాలు ఆంధ్ర దేశంలో ఏనాటి నుంచో ఉన్నాయి. ఉత్తరాదిన వరుని షేర్వానీ, తలపాగా అద్దెకు తేవడమూ పరిపాటే. ఈ పాత వ్యాపారానికి యాప్ రూపమిచ్చిన సంస్థలలో ఫ్లైరోబ్ ఒకటి. ఐ.ఐ.టి. బొంబాయి పూర్వ విద్యార్థులు 2015లో ముంబైలో దీనిని ప్రారంభించారు. 2019లో ఢిల్లీకి చెందిన రెంట్ ఇట్ బే సంస్థ దానిని కొనుగోలు చేసింది. అమెరికాలో 2009లో వెలసిన రెంట్ ద రన్‌వే ఈ తరహా సంస్థలకు మార్గదర్శి.

లెక్క ఆకర్షణీయమైనదే. 60 వేల రూపాయల లెహంగా 8 వేలకు అద్దెకు దొరికిందనుకుందాం. ఒక్క రోజు కట్టి బీరువాలో దాచే దుస్తులపై మధ్యతరగతి కుటుంబానికి అది చెప్పుకోదగిన ఆదా. తేదీ, చిరునామా, కొలత నమోదు చేసి రుసుము చెల్లిస్తే చాలు. తెర మీద అంతా సులువే. చిక్కులు ఎదురయ్యేది పెట్టె విప్పాకనే.

కొలతే తొలి చిక్కు

ఒక సంస్థ ‘మీడియం’ మరో సంస్థకు ‘స్మాల్’ కావచ్చు. భారతీయుల దేహ కొలతలతో ప్రామాణిక పట్టిక రూపొందించేందుకు జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ (నిఫ్ట్) 25 వేల మందిని కొలిచే లక్ష్యంతో ‘ఇండియాసైజ్’ సర్వే చేపట్టడమే ఈ కొరతకు నిదర్శనం. కొన్న దుస్తులనైతే దర్జీ కత్తిరించి సరిచేస్తాడు. అద్దె దుస్తులపై కత్తెర వేయరాదు. మరునాడు విప్పదగిన కుట్లు వేసి బిగించడం, లోపల వదిలిన బట్ట మేరకు వదులు చేయడం మాత్రమే సాధ్యం. యాప్‌తో మొదలైన ఫ్లైరోబ్ సైతం తరువాత దుకాణాలు తెరవడం గమనార్హం. తొడిగి చూడనిదే పెళ్లి దుస్తులపై నమ్మకం కుదరదు మరి.

రెండో చిక్కు ముహూర్తం. శుభలగ్నాలు కొద్ది రోజులకే పరిమితం. ఉన్నది ఒకే లెహంగా అయితే ఆ రోజు అది ఒక్కరికే దక్కుతుంది. ముందు వాడినవారు ఆలస్యంగా పంపినా, డ్రైక్లీనింగ్ జాప్యమైనా తరువాతి వారికి ఇక్కట్లే. రెంట్ ద రన్‌వే వంటి పెద్ద సంస్థ కూడా 2019లో గిడ్డంగి సాఫ్ట్‌వేర్ మార్పు వల్ల తలెత్తిన ఇబ్బందులతో కొత్త ఆర్డర్లను కొంతకాలం నిలిపివేయవలసి వచ్చింది. నప్పని కొనుగోలును వారం తరువాత మార్చుకోవచ్చు. పెళ్లి రోజు మళ్లీ రాదు. అద్దె సొమ్ము పూర్తిగా వాపసు చేసినా ఆ నష్టం పూడదు.

మూడవది డిపాజిట్. మన పెళ్లిళ్లలో పసుపు, కుంకుమ, నూనె అంటని వస్త్రం అరుదు. ఏ మరక వాడకంలో సహజం, ఏది నష్టం? రాలిన పూసలు ఇప్పుడు రాలినవా, అంతకు ముందే రాలినవా? ఈ తీర్పు చెప్పేది దుస్తుల యజమాని అయిన సంస్థే. దాని ఇబ్బందీ లేకపోలేదు. పలుమార్లు అద్దెకు వెళితే గాని పెట్టుబడి తిరిగి రాదు. రానుపోను రవాణా, శుభ్రపరచడం, మరమ్మతు ఖర్చులు ప్రతిసారీ తప్పవు. ఈ భారం వల్లనే ఇది కఠినమైన వ్యాపారంగా పేరుపడింది. చైనాలో వై క్లోసెట్ 2021లో మూతపడింది.

చట్టం ఏమంటున్నది?

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఇటువంటి సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆ అధికారి వివరాలను ప్రదర్శించాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి. మొదట ఒక ధర చూపి చెల్లింపు వేళకు అదనపు రుసుములు బయటపెట్టడం, అడగని సేవలను బిల్లులో చేర్చడం వంటి 13 రకాల మోసపూరిత పోకడలను 2023 నవంబరులో కేంద్రం నిషేధించింది. పరిష్కారం లభించనివారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని 1915 నంబరులో సంప్రదించవచ్చు.

అయితే చట్టం మరునాటి నష్టపరిహారానికే గాని, ముహూర్త వేళకు అక్కరకు రాదు. అందువల్ల వినియోగదారులు డిపాజిట్ కోతల నిబంధనలను ముందే చదువుకోవాలి. వీలైతే దుకాణంలో తొడిగి చూడాలి. ఒకటి రెండు రోజుల ముందే దుస్తులు చేరేలా తేదీ ఎంచుకోవాలి. పెట్టె విప్పగానే, తిరిగి అప్పగించే ముందు ఫొటోలు తీసి భద్రపరచుకోవాలి. సంస్థలు సైతం ఏ నష్టానికి ఎంత కోత విధిస్తాయో అద్దె ధర పక్కనే స్పష్టంగా చూపడం మేలు. పొరుగింటి నగ విషయంలో ఇచ్చేవారికి, పుచ్చుకునేవారికి ముఖపరిచయం ఉండేది. అది లేని చోట రాతపూర్వకమైన స్పష్టతే ఉభయులకూ రక్ష.