తిరునాళ్ళ నాటి లెక్క

కొన్నేళ్ళ క్రిందటి మాట. పరీక్ష ఫలితాలు వచ్చే రోజున ఈపూరులో మా పక్కింటి అమ్మాయి పొద్దుటినుంచీ ఫోను పట్టుకుని అరుగుమీద కూర్చుంది. ఎవరో చెప్పిన ఒక ప్రైవేటు సైటులో పదకొండు గంటలకు ఫలితాలన్నారు. పదకొండు కొట్టింది. తెరమీద చక్రం తిరుగుతోందే గాని అక్షరం ముక్క రాలేదు.

"మాస్టారూ, నేను తప్పానేమో! అందుకే రావడంలేదేమో!" అంది కళ్ళనీళ్ళతో.

ఒంటిగంటకు, పాసయిందని తెలిసింది. కాని ఆ రెండు గంటలూ ఆ ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టలేదు.

"ఇంతమంది వస్తారని వాళ్ళకు ముందే తెలీదాండీ?" అన్నారు వాళ్ళ నాన్నగారు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకేం తెలుస్తుంది? మా కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పే మిత్రుణ్ణి అడిగాను.

"కోటప్పకొండ తిరునాళ్ళ ఎరగరూ?" అన్నాడాయన నవ్వి. "ఏడాది పొడుగునా కొండకు వెళ్ళేవాళ్ళ సగటు చూసి శివరాత్రికి బస్సులు వేస్తే ఏమవుతుంది? సర్వరు సంగతీ అంతే!"

కాగితం తీసుకుని లెక్క వేశాడు. పది నిమిషాల్లో 90,000 మంది వస్తారనీ, ఒక్కొక్కరి ఫోను ఐదుసార్లు సర్వరును పలకరిస్తుందనీ అనుకుందాం. మొత్తం 4,50,000. సెకనుకు 750. కాని జనం వరసగా రారు, గంట కొట్టగానే విరుచుకుపడతారు. అందుచేత రెట్టింపు, 1,500. ఒక్కొక్క సర్వరు సుఖంగా మోయగలిగేది 200 అయితే ఎనిమిది కావాలి. ఒకటి రెండు మొరాయించినా పని ఆగకుండా పది పెట్టుకోవాలి.

"సుఖంగా" అన్న మాటలోనే కిటుకంతా ఉంది. ఒక్కడే వస్తే సెకనులో పదోవంతులో జవాబిచ్చే యంత్రం, నూటికి యాభైవంతులు పనిలో ఉంటే రెట్టింపు కాలం తీసుకుంటుంది. తొంభైవంతులైతే ఒక సెకను. తొంభైఐదయితే రెండు! చివరి కొద్దిపాటి బరువే నడుం విరుస్తుంది. ఈ వరసల గణితానికి 1909లోనే కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ పునాది వేశాడు.

మరి ఆ 200 ఎలా తెలుస్తుంది? పరీక్ష పెట్టి చూడాలి. జేమీటర్ వంటి సాధనాలతో లేని జనాన్ని సృష్టించి, వందమందిని, రెండు వందలమందిని, నాలుగు వందలమందిని వరసగా తోలుతారు. సగటు చూసి సంతోషించకూడదు. నూటికి అందరికంటె ఆలస్యమైన ఐదుగురి గతి ఏమిటో చూడాలి. ఒక్కొక్కప్పుడు సర్వర్లు ఎన్ని పెట్టినా లాభముండదు, వెనకాల మార్కులు దాచిన డేటాబేసు ఒక్కటే అయితే! బస్సులు వంద ఉండి టిక్కెట్ల కిటికీ ఒక్కటే ఉన్నట్టు. మార్కులు మారేవి కావు గనుక ముందే నకళ్ళు సిద్ధం చేసి పెట్టుకోవడం మేలు.

పెద్దలకూ ఈ తిప్పలు తప్పలేదు. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా సైటు తెరిచింది. ఒకేసారి యాభై అరవైవేలమంది ఉంటారనుకుంటే రెండున్నర లక్షలమంది వచ్చిపడ్డారు. సైటులో వేరే లోపాలూ ఉన్నాయి. తొలిరోజు నమోదు పూర్తి చేసుకున్నవారు ఆరుగురే! మన దేశంలో 2021 ఏప్రిల్ 28న పద్ధెనిమిదేళ్ళు నిండినవారికి కోవిన్‌లో టీకా నమోదు తెరిచినప్పుడు మొదట తడబాటు కలిగినా, ఆ ఒక్కరోజునే కోటీ ముప్పై లక్షలమందికి పైగా నమోదయ్యారు.

మన చేతిలో ఉన్నదీ ఒకటుంది. చక్రం తిరుగుతున్నప్పుడు పదేపదే నొక్కకూడదు. నొక్కిన ప్రతిసారీ వరసలో మరో మనిషిని మనమే నిలబెడుతున్నాం.

ఆ సాయంకాలం ఈ మాటలన్నీ ఆ అమ్మాయికి చెప్పాను. అంతా విని, "అయితే నేను నలభైసార్లు నొక్కాను మాస్టారూ!" అంది. పాపం, ఎవరు మాత్రం నొక్కరు? ఆ నలభైని కూడా లెక్కలో వేసుకున్నవాడే అసలైన లెక్కల మాస్టారు.