బాలానగరమునుండి కనబడు సముద్రము

బాలానగరమున కర్మాగారములు గలవు, గోదాములు గలవు, రాత్రింబగళ్లు లారీల మ్రోత గలదు. సముద్రము మాత్రము లేదు. మిక్కిలి దగ్గఱి తీరమైనను ఇచ్చటికి 250 కిలోమీటర్లకు పైబడి యున్నది. అయినను బంగాళాఖాతమున నెచ్చట నేమి పెరుగుచున్నదో తెలిసికొనుటకు మన యూరు మంచి తావు. జాతీయ దూరసంవేదన కేంద్రము ఇచ్చటనే కలదు. అది 1974లో నేర్పడి, 2008లో ఇస్రోలో నొక భాగమైనది. సముద్రమును పరీక్షించు ఓషన్‌శాట్ ఉపగ్రహములు పంపు సమాచారమును షాద్‌నగరమందలి దాని శాఖలో గ్రహింతురు. 1999లో నేర్పడిన ఇన్‌కాయిస్ అను మహాసముద్ర సమాచార కేంద్రము ఇచటికి కొలది దూరమున, ప్రగతినగరమున, కలదు. చేపలు దొరకుటకు వీలైన తావులను కనుగొని జాలరులకు తెలుపుట దాని పనులలో నొకటి.

బాలబాలికలారా, ఆకాశమున 700 కిలోమీటర్లకు పైయెత్తున తిరుగు యంత్రము చేపను చూడగలదా? చూడజాలదు. అది చూచునది నీటి రంగును మాత్రమే. 1999 మే 26న శ్రీహరికోటనుండి వెడలిన మొదటి ఓషన్‌శాట్ ఆ రంగును 8 భాగములుగా విడదీసి చూచెను. 2022 నవంబరు 26న వెడలిన మూడవది 13 భాగములుగా చూచునట్లు నిర్మింపబడినది. వానకాలము పిదప చెఱువు పచ్చబడుట మీరెఱుగుదురు గదా! సముద్రమున జరుగునదియు నదియే. నీట దేలియాడు సూక్ష్మమైన మొక్కలలోని పత్రహరితము సూర్యకాంతిలోని నీలమును, ఎఱుపును మ్రింగి, పచ్చదనమును విడిచిపెట్టును.

ఈ తేలియాడు ప్రాణులకు ప్లవకములని పేరు. భూమిమీద సూర్యకాంతిచే జరుగు ఆహారోత్పత్తిలో దాదాపు సగము వృక్షప్లవకముల పనియే. అడవులు, పొలములు, తోటలు అన్నియు గలిసి తక్కిన సగము! వీనిలో కొన్నిటికి గాజువంటి పెంకు గలదు. 1980వ దశకమున కనుగొనబడిన ప్రోక్లోరోకాకస్ అనునది ఎంత చిన్నదనగా, వేయింటిని వరుసగా పేర్చినను ఒక మిల్లీమీటరు నిండదు. ఇక బాక్టీరియముల మాట. ఇరువది చుక్కల సముద్రజలమున ఇంచుమించు పదిలక్షలుండును. వైరసులు అంతకు పదిరెట్లు. వ్యాధి కలిగించునవని మనము వీనినెల్ల దూషింతుము గాని, చచ్చినదానిని కుళ్లించి, అందలి లవణములను మఱల మొక్కలకు అందునట్లు చేయునవి ఈ బాక్టీరియములే.

ఆ లవణములలో పెక్కు భాగము అడుగునకు దిగిపోవును. గంగా, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణలు తెచ్చిపోయు మంచినీరు తేలికయైనది గనుక బంగాళాఖాతపు ఉప్పునీటిపై మూతవలె పరచుకొనును. అందుచే అడుగునున్న ఎరువు పైకి రాజాలదు. అరేబియా సముద్రముకంటె మన సముద్రము బీదదగుటకు ముఖ్యకారణమిదియే. అయితే ఆ మూత అంతటను, ఎల్లకాలమును బిగిసి యుండదు. 1952లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిన లాఫాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, అచ్చటి విద్యార్థులతో గలిసి విశాఖ తీరమును పరిశోధించెను. వసంతకాలమున నైరృతి దిక్కునుండి తీరము వెంబడి వీచు గాలి పైనీటిని లోపలి సముద్రమునకు నెట్టగా, అడుగు చల్లనీరు లేచి వచ్చునని వారు తెలిపిరి. చల్లనీరు లేచినచోట మొక్కలు పెరుగును. మొక్కలున్నచోటికి రొయ్యజాతి సూక్ష్మజంతువులును, వానికై కవళ్లు, కానాగంతలును, వానికై సొరచేపలును చేరును. ఒక్కొక్క మెట్టునను ఆహారములో ఇంచుమించు పదియవ వంతే పైకి చేరును. ఇన్‌కాయిస్‌వారు నీటి రంగును, వేడిమిని జతపఱచి చూచుటలోని రహస్యమిదియే. మబ్బు క్రమ్మినపుడు మాత్రము రంగు కనబడదు.

కాని రంగు తెలుపనివియు గలవు. 1780వ దశకమున విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు ఏ యంత్రమును లేకయే ఈ తీరపు ప్రాణులను సేకరించెను. 1796లో అచ్చయిన పాముల గ్రంథమున సముద్రసర్పములను, 1803నాటి గ్రంథమున విశాఖయందలి 200 చేపలను, పెక్కింటి తెలుగు పేర్లతోడనే, వర్ణించెను. సముద్రసర్పపు తోక తెడ్డువలె చదునైనది. వానిలో పెక్కుజాతులు గట్టెక్కకయే నీటిలో పిల్లలను గనును. అయినను వానికి మొప్పలు లేవు. ఊపిరికై పైకి రావలసినదే. తాబేలునకును అంతే.

ఇందే చిక్కున్నది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ముఖ్యముగా జనవరి మొదలు మార్చి వరకు శ్రీకాకుళమునుండి నెల్లూరువరకు గల ఇసుకతీరములకు గ్రుడ్లు పెట్ట వచ్చును. పడవలు వేటాడు కాలమునదే. గంటలకొలది లాగబడు ట్రాలు వలలో చిక్కిన చేప నీటిలో ఊపిరాడక చావదు, తాబేలు చచ్చును. వాని కళేబరములు ఏటేట తీరమునకు కొట్టుకొని వచ్చుచున్నవి. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని మొదటి పట్టికలో చేర్చి కాపాడినను, వలకు చట్టము తెలియదు గదా! వల నడుమ కమ్ముల చట్రమును, దానికి పైనగాని క్రిందగాని ఒక ద్వారమును అమర్చినచో, చిన్న చేపలు కమ్ముల సందున లోపలికి పోవును, తాబేలు ద్వారమున బయటపడును. ఆ ద్వారమున చేపలును కొన్ని పోవునని జాలరులు సందేహింతురు. వారి సందేహమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు, దినవెచ్చము వారిది. నష్టమెంతయో వారి పడవలమీదనే కొలిచి చూపవలెను. చేపలున్న తావును ఇంటికి చేర్చి చెప్పగల విద్య, తాబేళ్లున్న నెలలను, తావులనుగూడ అదే వార్తలో చెప్పరాదా యని నాకు తోచును.

ఒక్కొక్క తాబేలు ఇంచుమించు నూఱు గ్రుడ్లను ఇసుకలో పూడ్చిపోవును. ఏడెనిమిది వారములకు పిల్లలు వెలువడును. ఇసుక వేడిమి హెచ్చినచో ఆడుపిల్లలు, తగ్గినచో మగపిల్లలు ఎక్కువగా పుట్టును. రాత్రివేళ వెలుతురున్న దిక్కే సముద్రమని నమ్మి నడచును గనుక, వీధిదీపములున్నచో ఊరివైపు పోయి నశించును. విశాఖ తీరమున అటవీశాఖవారు గ్రుడ్లను ఏరి, కంచె వేసిన ఇసుకలో కాపాడి, పిల్లలను నీటిలో విడుచుచున్నారు. వేసవి సెలవులకు ముందు అచ్చటి బంధువుల ఇండ్లకు పోవువారు, వేకువనే లేచినచో, అరచేతిలో నిముడు ఆ నల్లని పిల్లలు మొదటి అలను తాకుట చూడవచ్చును.